తాళంచెవి మింగిన అట్లాసు మేడమ్

అట్లాసు మేడమ్ బీరువా తాళంచెవి మింగేసిందన్న మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, మింగుతుంటే కళ్లారా చూశామన్నవాళ్లు ఇప్పటికి నలభై మంది తేలారు. ఆ బీరువా ఉన్న గదిలో పట్టేది ఆరుగురు. కొందరు మంచినీళ్లతో మింగిందంటారు. కొందరు బిస్కెట్టులాగా టీలో ముంచుకుని మింగిందంటారు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఆయన బావమరిది అయితే ఇంకో అడుగు ముందుకేసి, ఫిల్ములో తాళంచెవి పళ్లతో సహా కనిపించిందనీ, దాని మీది కంపెనీ పేరు కూడా చదవొచ్చనీ బల్ల గుద్ది చెబుతాడు. ఏదీ ఆ ఫిల్ము చూపించమంటే మాత్రం బస్సుకి టైమైపోయిందంటాడు.

నిజమెంతో పైవాడికెరుక. మొదటినుంచీ చెప్పుకుంటూ వస్తే అదే తేలుతుంది. మధ్యలో కాస్త ఉప్పూకారం పడితే సర్దుకోవాలి.

అట్లాసు మేడమ్ ఆడపిల్లల బడిలో భూగోళం చెబుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే బడి, అదే గది, గోడ మీద అదే ప్రపంచపటం. ఆవిడ వేలు రాసుకుని రాసుకుని ఆ పటంలో సముద్రం నీలం పోయి తెల్లగా అయిపోయింది. కళ్లకు గంతలు కట్టి బోర్డు ముందు నిలబెట్టినా ఏ దేశం తీరమైనా వంపు తప్పకుండా గీసేస్తుంది. అందుకే ఆ పేరు. పిల్లలు పెట్టారు, టీచర్లు పట్టుకున్నారు, చివరికి ఇంట్లో అత్తగారు కూడా ఎవరైనా ఫోన్ చేస్తే "మా అట్లాసు బడికి వెళ్లింది" అనడం మొదలుపెట్టింది.

అంత తెలిసిన మనిషి సముద్రం దాటింది లేదు. సముద్రం దాకా వెళ్లింది రెండుసార్లు. మొదటిసారి పెళ్లయిన కొత్తలో, అప్పుడు వాన, గొడుగు తప్ప ఏమీ కనపడలేదు. రెండోసారి పిల్లల్ని తీసుకెళ్లింది, అప్పుడు తలలు లెక్కపెట్టుకోవడంతోనే పొద్దుగూకింది. నీళ్లవైపు చూసే తీరిక ఎక్కడిది?

అందుకని సముద్రానికి అవతల ఉన్న దీవికి పిల్లల్ని తీసుకెళ్తానని మూడేళ్లు పోరాడింది. ఆ దీవిలో ఒక అగ్నిపర్వతం ఉంది. ఎప్పుడో చల్లారిపోయింది, దాని నోట్లో ఇప్పుడు చెరువుందట, అయినా అగ్నిపర్వతమే. ఆవిడ అర్జీ పెట్టని ఆఫీసు లేదు, ఎక్కని మెట్టు లేదు. మూడో ఏట సరేనన్నారు. ముప్పై ఒక్కమంది తొమ్మిదో తరగతి పిల్లలు, తోడుగా తనూ, డ్రిల్లు మాస్టారూ, ఎనిమిది రోజులు. టూర్లాయన వీసాలు వేయించి పాస్‌పోర్టులన్నీ బడికి తెచ్చిచ్చాడు. ఆవిడది కూడా అందులోనే ఉంది, పిల్లలవాటికి అడుగున. అన్నిటినీ ఆఫీసు గదిలోని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన చేతిసంచి జిప్పుకి తగిలించుకుంది.

ఇంట్లో సంబరం ఇంకో రకం. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎర్ర సూట్‌కేసు ఒకటుంది. ఇరవై నాలుగేళ్లుగా అందులో చలికాలం దుప్పట్లు కాపురముంటున్నాయి. ప్రయాణం ఇంకా నెలుందనగానే వాటిని తీసి కుర్చీలో పడేసి, పెట్టె తుడిచి ఎండలో పెట్టింది. ఆ ఇంట్లో చేతులున్న కుర్చీ అదొక్కటే. అత్తగారు నెలరోజులు దుప్పట్ల కొండ మీద రాణీగారిలా కూర్చుని రేడియో విన్నది.

దీవిలో జ్వరం సంగతి మొదట చెప్పింది అత్తగారే.

"అమ్మాయ్, నువ్వెళ్లే ఊళ్లో ఏదో కొత్త జ్వరమట."

"జ్వరాలు లేని ఊరుంటుందా అత్తయ్యా" అని అట్లాసు మేడమ్ కొత్త చెప్పులు కాగితంలో చుట్టింది.

మొదటివారం పదకొండు మందికన్నారు. రెండోవారం వంద దాటిందన్నారు. దీవికి ఉత్తరాన బళ్లు మూసేశారన్నారు. ఆస్పత్రి వరండాలో మంచాలు వేశారని పేపర్లో ఫొటో పడింది. పిల్లలు దిగాల్సిన వసతి దక్షిణాన ఉంది. ఆవిడ బడిలో తలుపేసుకుని పటం దగ్గరకెళ్లి కొలిచింది. జ్వరమున్న ఊరికీ వసతికీ మధ్య దూరం ఒక వేలు. వేలు తిప్పి అడ్డంగా పెట్టింది. అప్పుడు వేలున్నర వచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకుంది. పక్కరోజు మళ్లీ కొలిచింది, పటం ఏమన్నా సాగిందేమోనని.

ఇక్కడ ఆ బడి పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథ తెలియదు.

ఆ బడి పెద్దమేడమ్ జీవితంలో ఒంటరిగా ఒక్క నిర్ణయం తీసుకుని ఎరగదు. ఆవిడ గదిలో ప్లాస్టిక్ మొక్క ఉంటుంది. దానికి కూడా రోజూ నీళ్లు పోయిస్తుంది, రేపు ఏమన్నా అయితే తనని అనకూడదని. ఏ విషయమైనా ఒక కాగితం మీద రాయించి టీచర్లందరికీ తిప్పుతుంది. కాగితంలో పైన సంగతి. దాని కింద "నిర్ణయం" అని ఒక గడి. ఆ గడి ఖాళీ. దాని కింద వరసగా ఎనిమిది పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా "చూశాను" అని రాసి సంతకం పెట్టాలి. అందరూ చూశారని తేలాక పెద్దమేడమ్ గడి నింపుతుంది. అంటే, ఏ నిర్ణయమో తెలియకుండానే ఎనిమిదిమందీ దాని కింద సంతకాలు పెడతారు. ఒకసారి అలాగే పెట్టారు. సెలవుల తర్వాత వచ్చి చూస్తే బడి గోడలన్నీ చిలకాకుపచ్చ. ఎవరు ఒప్పుకున్నారని లెక్కల సారు ఒంటికాలి మీద లేచాడు. కాగితం తెప్పించి చూపిస్తే మొదటి సంతకం ఆయనదే.

జ్వరం కాగితం కూడా అలాగే తిరిగింది. "దీవిలో జ్వరం దృష్ట్యా విద్యార్థినుల ప్రయాణం గురించి" అని పైన రాసుంది. ప్రయాణం బాధ్యత అట్లాసు మేడమ్‌ది కాబట్టి మొదటి పేరు ఆవిడదే. గడి ఖాళీ అని చూసింది. చూసి కూడా, గుమస్తా పెన్ను మూత తీసి ఇచ్చేలోపే తన పెన్నుతో "చూశాను" అని గీకేసింది. అడ్డుకుంటే ఆగిపోతుందేమోనని భయం. మిగతా ఏడుగురూ ఆవిడ పెట్టింది చూసి టకటకా పెట్టేశారు. ఆవిడకి తెలియనిదా అనుకున్నారు. ఆవిడేమో వాళ్లలో ఎవరో ఒకరు వద్దంటారులే, అప్పుడు చూద్దాం అనుకుంది.

కాగితం తిరిగొచ్చి పెద్దమేడమ్ బల్ల మీద ట్రేలో పడుకుంది. గడి ఖాళీగానే ఉంది. మొదటిరోజు ఖాళీ. వారానికీ ఖాళీ. రాయరేం మేడమ్ అంటే, "అందరూ చూశారు కదమ్మా, ఇంకేం" అంటుంది.

ఇక అట్లాసు మేడమ్ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. ఆరోగ్యశాఖ ఆఫీసుకి ఫోన్ చేస్తే విదేశాల విభాగానికి చేయమన్నారు. వాళ్లు స్కూళ్ల విభాగానికి చేయమన్నారు. వాళ్లు జ్వరం మాట వినగానే, అయితే ఆరోగ్యశాఖకి చేయండన్నారు. నాలుగోసారి మళ్లీ మొదటి గొంతే పలికింది. ఆయన పాపం గుర్తుపట్టి, ఒక సలహాపత్రం ఉంది చదువుతానన్నాడు. అందులో, ప్రయాణికులు పరిస్థితిని బట్టి తమ విచక్షణ మేరకు వ్యవహరించవలెను అని ఉంది. అంటే వెళ్లొచ్చా కూడదా అని అడిగింది. ఆయన మళ్లీ అదే చదివాడు, ఈసారి నెమ్మదిగా. అప్పుడావిడ ఫోను పెట్టేసిన చప్పుడుకి వీధిలో రెండు పావురాలు లేచిపోయాయని చెబుతారు.

బడికి వచ్చే డాక్టరుగారిని అడిగితే, వెళ్లేవాళ్లకి మాస్కులు రాసిస్తానన్నాడు గానీ వెళ్లమనీ వద్దనీ రాయనన్నాడు. టూర్లాయనని అడిగితే, విమానం ఎగురుతోంది కదండీ, జ్వరముంటే ఎందుకు ఎగురుతుంది అన్నాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా పాస్‌పోర్టులు తన చేతిలో పెట్టాలనీ, సోమవారం పొద్దున్నే విమానమనీ, ఆ తర్వాత తన చేతిలో ఏమీ లేదనీ అన్నాడు. ఆ మాట తప్పించి ఆయన ఖచ్చితంగా చెప్పిందేమీ లేదు. డ్రిల్లు మాస్టారయితే ఏకంగా ఈల మెళ్లో వేసుకుని ప్రయాణానికి సిద్ధమైపోయాడు. జ్వరమొస్తే పిల్లలతో గుంజీలు తీయిస్తా, చెమట పట్టి అదే పోతుందన్నాడు.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుంది. ఆయన నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఇల్లు తగలబడుతున్నా ముందు మీటరు ఎంత తిరిగిందో చూసుకుని తర్వాత బక్కెట్టు ఎత్తే రకం.

"ఏమండీ, ఏం చేయమంటారు?"

"నీ మనసులో ఏముంది?"

"నా మనసు సంగతి వదిలేయండి. అది మూడేళ్ల కిందే విమానం ఎక్కి కూర్చుంది."

"అయితే దాన్ని అడక్కు" అని ఆయన పళ్లెం ముందుకి జరుపుకున్నాడు.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన నోటినుంచి పనికొచ్చే మాట రావడం అదే మొదలని అత్తగారే అన్నదట. కన్నకొడుకుని అలా అంటుందా అని అడక్కండి. ఆవిడ అనగలదు.

గురువారం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. హాల్లో జనం కిక్కిరిసిపోయారు. ఎవరైనా ఒక్కరు లేచి మా పిల్లని పంపం అంటారేమోనని అట్లాసు మేడమ్ కళ్లల్లో వత్తులేసుకుని చూసింది. ఒక్కరంటే చాలు, దాన్ని పట్టుకుని ఆపేయొచ్చు. లేదా ఒక్కరు, ఏం పరవాలేదు వెళ్లిరండి అన్నా చాలు, దాన్ని పట్టుకుని వెళ్లిపోవచ్చు. రెండూ జరగలేదు. అందరూ అడిగింది ఒకటే, మీరు వెళ్తున్నారా మేడమ్ అని. వెళ్తున్నానంది. అంతే, జనం కుర్చీలు జరుపుకుని లేచిపోయారు. ఒకావిడ మాత్రం అక్కడ టోపీలు చవకటగా అని అడిగింది.

గేటు దగ్గర ఒకాయన ఆగి ఉన్నాడు. సిటీబస్సు డ్రైవరు. ఖాకీ చొక్కా మార్చుకోకుండా డ్యూటీలోంచి అలాగే వచ్చాడు. ఆయన కూతురు తరగతిలో మొదటి బెంచీ పిల్ల. ఆ పిల్లకి ఉబ్బసం, ఎప్పుడూ గుప్పిట్లో నీలం రంగు పంపు పట్టుకుని ఉంటుంది. మెట్లెక్కితే పీలుస్తుంది, నవ్వితే పీలుస్తుంది. అగ్నిపర్వతం అన్న మాట వినగానే కూడా పీల్చింది.

"మేడమ్, ఒక్క మాట. పిల్లని పంపమంటారా?"

"అది మీ ఇష్టమండీ" అంది అట్లాసు మేడమ్. ఆ మాట నోటినుంచి రాగానే ఆరోగ్యశాఖ ఆయన గొంతు తన గొంతులోంచి వినపడ్డట్టయింది.

"నాకేం తెలుస్తుంది మేడమ్? పొద్దున డిపోలో బండి తీసేముందు బ్రేకు బాగుందని మొదటి సంతకం నేను పెడతాను. నా కింద ఇంకో నలుగురు పెట్టాలి. వాళ్లెవరూ బండి కిందకి తొంగి చూడరు. నేను పెట్టాను కదా అని పెట్టేస్తారు." ఆయన నవ్వాడు. "ఇక్కడ మొదటి సంతకం మీరే పెట్టారటగా. ఇంక నాకు బెంగ లేదు."

ఆయన వెళ్లిపోయాడు. అట్లాసు మేడమ్ గేటు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఎంతసేపన్నది తలో మాట చెబుతారు. పావుగంటని వాచ్‌మన్, గంటని ఎదురు జెరాక్సు షాపాయన. గుమస్తా అయితే అప్పటికి ఆవిడ భుజం మీద పిచ్చుక వాలిందంటాడు.

ఆవిడకి కోపమొచ్చింది. పెద్దమేడమ్ మీద, ఆ సలహాపత్రం మీద, టోపీల ఆవిడ మీద, వెనకాముందూ చూడకుండా సంతకాలు పెట్టిన ఏడుగురి మీద. ఎంతమంది మీద కోపం తెచ్చుకున్నా ఆ వరసలో మొదటి పేరు తనదే తగులుతోంది. బండి కిందకి తొంగి చూడనిది తను. చూస్తే బండి తీయకూడదని తెలుసు కాబట్టే చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పెద్దమేడమ్ గదిలోకి వెళ్లింది. ట్రేలో కాగితం అలాగే ఉంది, గడి తెల్లగా మొహం మీద నవ్వుతున్నట్టు ఉంది.

"గంటలో టూర్లాయన వస్తాడు మేడమ్. దీంట్లో ఏదో ఒకటి రాయండి."

"అందరూ చూశారు కదమ్మా."

"ఏం చూశారు మేడమ్? ఖాళీ గడి చూశారు."

"మొదటి సంతకం నీదే కదా."

"నాదే. నాకు వెళ్లాలని ఉండి పెట్టాను. ముప్పై ఒక్క పిల్లల సంగతి ఆలోచించి పెట్టలేదు."

పెద్దమేడమ్ ప్లాస్టిక్ మొక్క వైపు చూసింది. గ్లాసులో నీళ్లు కాసిని దాని మొదట్లో పోసింది.

"పోనీ నువ్వేం చెబితే అది రాస్తాలే."

"నేను చెప్పిందని రాస్తారా, మీరు అనుకుని రాస్తారా?"

అప్పుడు పక్కగదిలో ఫోన్ మోగుతోందని పెద్దమేడమ్ లేచి వెళ్లింది. ఆ గదిలో ఫోన్ లేదు. ఉండేది, తీసేసి నాలుగేళ్లయింది.

అట్లాసు మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. పేపర్లు దిద్దే ఎర్రపెన్ను తీసి, ఆ గడిలో "ప్రయాణం రద్దు. పిల్లలు వెళ్లరు" అని రాసింది. పటం మీద రాజధానుల పేర్లు రాసినట్టు గుండ్రంగా, పొందిగ్గా రాసింది. రాశాక ఒకసారి చదువుకుంది. రెండోసారి చదవలేకపోయింది. కాగితం తీసుకెళ్లి గుమస్తా ముందు పెట్టింది. గడి నిండితే ముద్ర వేయడం ఆయన పని. ఏం నిండిందో చూడటం ఆయన పని కాదు. ఠప్పున వేసేశాడు.

పది నిమిషాల్లో బడంతా గుప్పుమంది. డ్రిల్లు మాస్టారు ఈల ఊదుకుంటూ వచ్చాడు, అంత కోపం. దీనికి నేనెప్పుడు ఒప్పుకున్నానన్నాడు. అట్లాసు మేడమ్ కాగితం ఆయన ముందు పెట్టింది.

"ఈ సంతకం మీదేనా మాస్టారూ?"

"నాదే."

"చూశాను అని రాశారు. చూడకుండా రాశారా?"

మాస్టారు ఈల చొక్కాలోకి దోపుకున్నాడు. లెక్కల సారు వచ్చాడు, తన సంతకం చూసుకున్నాడు, చిలకాకుపచ్చ గోడ వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగాడు. మిగతావాళ్లు గుమ్మం దాకా వచ్చి చల్లగా జారుకున్నారు. చూడకుండా పెట్టామని ఎవరంటారు? ఇరవై ఏళ్లలో మొదటిసారి ఎనిమిదిమందీ ఏకగ్రీవంగా ఒక నిర్ణయం తీసుకున్నట్టయింది, ఎవరికీ ఇష్టం లేకుండా.

పెద్దమేడమ్ ఊరుకుంటుందా? లేని ఫోనులో మాట్లాడి వచ్చి కొత్త ఉపాయం చెప్పింది. బడి తరఫున ప్రయాణం రద్దే, కాగితం కాగితమే, కానీ పాస్‌పోర్టులు టూర్లాయనకి ఇచ్చేద్దాం, ఎవరికి ఇష్టముంటే వాళ్ల పిల్లల్ని ఆయనే తీసుకెళ్తాడు, మన మీదికి ఏమీ రాదు అంది. అప్పటికే టూర్లాయన వచ్చి బల్ల మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు.

"బీరువా తీయమ్మా. తాళంచెవి ఏది?"

అట్లాసు మేడమ్ బల్ల మీది గ్లాసు అందుకుని గటగటా నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, "ఏమో మేడమ్, కనపడటం లేదు" అంది. చేతిసంచి జిప్పుకి తాళంచెవి లేదు. గుమస్తా చూసింది ఇదే. ఆ నీళ్లు తాగేటప్పుడు ఆవిడ గొంతులో ఏదో దిగిందనీ, కొండచిలువ మేకని మింగినట్టు మెడ ఇంత లావున ఉబ్బిందనీ ఆయన అంటాడు. చేతులు చాపి చూపిస్తాడు కూడా. అంత మెడ ఎవరికీ ఉండదు.

రెండో తాళంచెవి తెమ్మన్నారు. పోకుండా భద్రంగా ఉంటుందని దాన్ని ఆ బీరువాలోనే పెట్టారు. అలా పెడదామా అని కూడా ఎప్పుడో కాగితం తిరిగింది, అందరూ చూశారు. తాళాలు బాగుచేసే మనిషి మంగళవారం గానీ దొరకలేదు. సోమవారం విమానం తన దారిన తను ఎగిరిపోయింది.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికేం బాగుండదు. మూడో వీధిలోని ఇంకో బడివాళ్లు అదే విమానంలో వెళ్లొచ్చారు. ఒక్క పిల్లకి తుమ్ము రాలేదంటారు. వాళ్ల టీచరొకామె పదిహేను రోజులు మంచం పట్టిందనీ, బయటికి పొక్కనివ్వలేదనీ ఇంకొందరంటారు. ఏది నిజమో ఎవరూ తేల్చలేదు, అట్లాసు మేడమ్ కూడా ఎక్కువ అడగలేదు. ఏ జవాబొచ్చినా పనికిరాదని ఆవిడకి తెలుసు. ఆ బడి పిల్లలు పెద్దపెద్ద గడ్డి టోపీలు పెట్టుకుని సరిగ్గా గేటు ముందునుంచే నడిచారు, వేరే దారి లేనట్టు. తొమ్మిదో తరగతి పిల్లలు నెలరోజులు పటం వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశారు. తల్లిదండ్రులు ఎదురుపడితే చెప్పుల షాపు బోర్డులు చదువుకున్నారు. బస్సు డ్రైవరు మాత్రం స్టాపులో ఆవిడ ఒక్కత్తే ఉన్నా బండి ఆపుతాడు. ఆపి, ఆవిడ వైపు తిరగకుండా ముందుకే చూస్తాడు. అది మర్యాదో కోపమో ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

మొన్నామధ్య ఎదురింటావిడ పంచదార అడగడానికని వెళ్లింది. పంచదార తనింట్లోనే డబ్బాడుంది, అది వేరే సంగతి. అట్లాసు మేడమ్ ముందుగదిలో కూర్చుని దుప్పట్లు మడిచి ఎర్ర సూట్‌కేసులో సర్దుతోంది. అత్తగారు చాన్నాళ్లకి కుర్చీ ఖాళీ అయిందని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎదురింటావిడ అటూ ఇటూ మాట్లాడి, చివరికి కడుపులో మాట బయటపెట్టేసింది.

"అవునూ వదినగారూ, ఆ తాళంచెవి నిజంగా మింగేశారా?"

అట్లాసు మేడమ్ పెట్టె మూత వేసింది. పిడికి టూర్లాయన కట్టిన చీటీ ఇంకా వేలాడుతోంది, దీవి పేరు పెద్దక్షరాలతో. దాన్ని అరచేత్తో మూసి పెట్టె మీద కూర్చుంది.

"ఎవరండీ మీకు చెప్పింది? తాళంచెవి ఎప్పుడూ గుమస్తా దగ్గరే ఉంటుంది. ఆ కాగితంలో రాత పెద్దమేడమ్‌ది, నాది కాదు. పిల్లలకి పరీక్షలు దగ్గరపడ్డాయి, అందుకని ఆపారు, అంతే. జ్వరమూ లేదు, గొడవా లేదు. అయినా నేనేమిటి, దీవికి వెళ్లడమేమిటి? నాకు సముద్రం పడదు, పటంలో చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అసలు నాకు పాస్‌పోర్టే లేదండీ."